హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు

హరికథ అన్న మాట వినగానే మన కన్నుల ముందు ఒక రూపం నిలుస్తుంది. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు, మెడలో పూలదండ, నడుముకు బిగించిన పట్టు ఉత్తరీయం. వెనుక ఒక ప్రక్క మృదంగం, మరొక ప్రక్క వయొలిన్. ఆ నిలుచున్న మనిషి ఒక్కడే కథ చెబుతాడు, పద్యం చదువుతాడు, కీర్తన పాడుతాడు, నాలుగడుగులు నర్తిస్తాడు, నడుమ ఒక పిట్టకథతో నవ్విస్తాడు, మరునిమిషంలో కంట తడి పెట్టిస్తాడు. గరివిడి, చీపురుపల్లి, నెల్లిమర్ల చుట్టుపట్ల పల్లెలలో శ్రీరామనవమి పందిళ్ల క్రింద ఈ రూపాన్ని చూచినవారు, ఇది అనాదిగా వస్తున్న ఆచారమని భావించడం సహజం. నిజానికి తెలుగుదేశంలో ఈ రూపం ఈ విధంగా స్థిరపడి సుమారు నూట నలభై ఏండ్లు మాత్రమే అయినది. దానిని స్థిరపరచినవారు శ్రీమదజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు. ఆయన పుట్టినదీ, పెరిగినదీ, కన్ను మూసినదీ మన ఉత్తరాంధ్రలోనే.

దాసుగారి పేరు మన విద్యార్థులకు బిరుదులతో కలిసి పరిచయమవుతుంది. హరికథా పితామహుడు, సంగీత సాహిత్య సార్వభౌముడు, లయబ్రహ్మ, పంచముఖీ పరమేశ్వరుడు. బిరుదులు గౌరవాన్ని తెలుపుతాయి గాని, మనిషి నడిచిన దారిని తెలుపవు. పందొమ్మిదేండ్ల ప్రాయంలో తొలిసారి గజ్జె కట్టిన యువకుడు వేరు, దాదాపు డెబ్బదేండ్ల వయస్సున ఒక పారశీక కవిని అచ్చతెలుగులోకి దింపిన వృద్ధుడు వేరు. ఈ ఇద్దరి నడుమ ఆయన పాట ఎన్ని మలుపులు తిరిగినదో, ఆయన భాష ఎంత మారినదో గమనిస్తే గాని బిరుదుల వెనుక ఉన్న వాగ్గేయకారుడు మనకు చిక్కడు.

రక్తాక్షి నామ సంవత్సర శ్రావణమాసంలో, అనగా 1864 ఆగస్టు 31వ తేదీన, బొబ్బిలికి సమీపాన ఉన్న అజ్జాడ గ్రామంలో ఆయన జన్మించారు. ఆ గ్రామం నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోనిది. తండ్రి వేంకటచయనులు, తల్లి లక్ష్మీనరసమ్మ. వారు పెట్టిన పేరు సూర్యనారాయణ. పేరు చివర దాసు అన్న మాట హరికథ చేత పట్టిన తరువాత వచ్చి చేరినది. అక్షరాలు నేర్వకముందే తల్లి నోట విని పోతన భాగవత పద్యాలను కంఠస్థం చేశారనీ, అయిదేండ్ల బాలుడు ఆ పద్యాలను రాగయుక్తంగా చదవగా విన్న పుస్తకాల వర్తకుడొకడు మురిసి భాగవతాన్ని కానుకగా ఇచ్చాడనీ ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. ఈ కథలో పెంపు ఎంత ఉన్నా, దానిలో ఒక ముఖ్యాంశం దాగి ఉన్నది. సాహిత్యం ఆయనకు కంటి ద్వారా గాక చెవి ద్వారా అందినది. చెవితో మొదలైన ఆ చదువు ఆయన జీవితాంతం చెవిని వదిలిపెట్టలేదు.

బాలుని గానాభిరుచిని గమనించి పెద్దలు బొబ్బిలి సంస్థానంలోని వాసా సాంబయ్యగారి వద్ద సంగీతం నేర్పించారు. ఆ శిక్షణ ఎక్కువ కాలం సాగలేదు. పిమ్మట ఇంగ్లీషు చదువు కొరకు విజయనగరం వచ్చారు. ఆ రోజులలో మెట్రిక్యులేషన్ ప్యాసయితే సర్కారు కచేరీలో గుమాస్తా ఉద్యోగం ఖాయం. ఇంకా చదివితే ప్లీడరీ. పేద బ్రాహ్మణ కుటుంబాలలోని పిల్లలందరికీ ఆనాడు కనబడిన దారి అదే. ఆయన 1886లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు కూడాను. అయితే అప్పటికే మనస్సు మరొక దారి పట్టినది.

ఆనాటి విజయనగరాన్ని గూర్చి రెండు మాటలు చెప్పుకోవాలి. 1879 మొదలు 1897 వరకు ఆనందగజపతి పాలించిన కాలమది. సంస్కృత పండితులు, కర్ణాటక గాయకులు, వైణికులు, ఉత్తర హిందూస్థానం నుండి వచ్చిన గాయకులు ఒకే కొలువులో ఉండేవారు. ఒక వీథిలో వేదపాఠం, మరొక వీథిలో షేక్స్పియర్ పాఠం వినిపించే ఊరది. తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషు, ఉర్దూ, పారశీకం అన్నీ చెవిన పడే అవకాశం ఒక పల్లెటూరి యువకునికి దొరకడం చిన్న విషయం కాదు. దాసుగారి తరువాతి జీవితమంతా ఆ ఊరు ఇచ్చిన చెవుల మీద ఆధారపడినదే.

1883లో కుప్పుస్వామి నాయుడు అనే భాగవతుడు చెన్నపట్నం నుండి విజయనగరం వచ్చి హరికథ చెప్పారు. ఆ కథ విన్న రాత్రే నారాయణదాసుగారి జీవితం మలుపు తిరిగినది. కుప్పుస్వామి నాయుడు చెప్పిన పద్ధతి తంజావూరి నుండి వచ్చినది. తంజావూరిని మరాఠా రాజులు ఏలిన రోజులలో మహారాష్ట్ర కీర్తనకారుల కథాకథనం అక్కడికి చేరి, దక్షిణాది సంగీతంతో కలిసి, తమిళదేశంలో కథాకాలక్షేపమై వర్ధిల్లినది. ఆ పద్ధతిలో భాగవతుడు ఒక పురాణకథను తీసుకొని, నడుమ నడుమ మరాఠీ సాకీ, దిండీలు, తమిళ పదాలు, త్యాగరాజు మొదలయినవారి కీర్తనలు గ్రుచ్చుతూ పోతాడు. కథ ఒకరిది, పాట ఇంకొకరిది, పద్యం వేరొకరిది. దారం మాత్రమే భాగవతునిది.

దాసుగారు చూచినది ఆ దారాన్ని. కాని ఆయన మనస్సుకు నచ్చనిది కూడా అదే. పూవులు కూడా తనవే కావాలని ఆయన పట్టుదల. కొలది కాలంలోనే ధ్రువచరిత్రను హరికథగా కూర్చి తానే చెప్పారు. పద్యం, వచనం, కీర్తన, దాని రాగం, తాళం, అభినయం, చిందు అన్నీ ఒకే వ్యక్తి కల్పన. మన పల్లెలలో అప్పటికే ప్రాణంతో ఉన్న యక్షగానపు నడకను, ద్విపదను, రగడను, మంజరిని ఆయన అందులోకి తెచ్చారు. తమిళదేశం నుండి వచ్చిన అతిథి ఆ విధంగా తెలుగింటి మనిషి అయినది. హరికథను తెలుగులోకి దాసుగారు తెచ్చారని కొందరు వ్రాస్తారు. ఆ మాట సరికాదు. వచ్చినదానిని తెలుగు చేశారు. ఈ రెండవ పని మొదటిదానికంటె కష్టం.

ఇక్కడ ఒక చిన్న పోలిక. అదే 1883లో, ఫిబ్రవరి నెలలో, జర్మన్ సంగీతకర్త రిచర్డ్ వాగ్నర్ కన్ను మూశాడు. తన సంగీత నాటకాలకు మాటలు కూడా తానే వ్రాసుకొన్న ఘనుడాయన. కవిత్వం, సంగీతం, నాట్యం, రంగాలంకారం ఒకే చేతి క్రింద ఏకం కావాలని జీవితమంతా పోరాడి, బైరూత్ పట్టణంలో 1876లో ఒక ప్రత్యేక రంగశాలను నిర్మించుకొన్నాడు. దానికి రాజుగారి ధనమూ, పెద్ద వాద్యబృందమూ, పదుల కొలది గాయకులూ కావలసి వచ్చారు. విజయనగరపు యువకునికి వాగ్నర్ పేరు తెలిసి ఉండవలసిన పని లేదు. కాని ఆయనా అదే ఏకత్వాన్ని కోరారు. దానికి ఆయనకు కావలసినవి నాలుగు వెదుళ్ల పందిరి, ఒక మృదంగం, ఒక వయొలిన్, రెండు దీపాలు. తక్కినదంతా ఆయన దేహమే.

ఆ దేహాన్ని గూర్చి చెప్పకుండా దాసుగారి సంగీతాన్ని గూర్చి చెప్పడం కుదరదు. దీర్ఘకాయం, విశాలమైన వక్షం, మైకులు లేని రోజులలో వేలమందికి వినిపించే కంఠం. సాధారణ గాయకుడు కూర్చుండి పాడుతాడు. ఒక చేతితో తాళం వేస్తాడు. హరిదాసు నిలుచుండి, నడుస్తూ, నర్తిస్తూ, అభినయిస్తూ పాడాలి. ఊపిరి ఒకటే, దానిని పాటకూ ఆటకూ మాటకూ పంచాలి. దాసుగారు ఈ పంపకాన్ని ఒక శాస్త్రంగా సాధించారు. రెండు చేతులు, రెండు పాదాలు, శిరస్సు, ఈ అయిదింటితోను అయిదు వేరువేరు తాళగతులను ఏకకాలంలో చూపి, వాటిని ఒక్క చోట కలిపేవారు. పంచముఖీ పరమేశ్వరుడన్న బిరుదు దీనివల్ల వచ్చినదే.

ఇది ఎంతటి పనియో లెక్కల పంతుళ్లకు సులభంగా తెలుస్తుంది. మన సంగీతంలో జాతులు అయిదు: తిశ్రం 3, చతురశ్రం 4, ఖండం 5, మిశ్రం 7, సంకీర్ణం 9 అక్షరాలు. చతురశ్రాన్ని, మిశ్రాన్ని ఒకేసారి మొదలుపెడితే 28 అక్షరాలకు అవి తిరిగి కలుస్తాయి. కుడిచేత ఒకటి, ఎడమచేత ఒకటి వేసి చూడండి. ఇరవై ఎనిమిది చేరకముందే ఒక చేయి రెండవ చేతి వెంట పోతుంది. మరి అయిదు జాతులనూ ఒకేసారి మొదలుపెడితే? వాటి క.సా.గు. 1260. అన్ని అక్షరాలు గడిస్తే గాని అయిదూ ఒక మెట్టు మీద నిలువవు. దాసుగారు ప్రతి సభలోను ఇట్టి లెక్కనే ప్రదర్శించారని నా భావం కాదు. అయిదు గతులను దేహంలో విడివిడిగా నిలుపుకోవడం అంటే ఏమిటో ఊహించడానికి ఈ లెక్క చాలు.

అయితే కసరత్తు వేరు, కళ వేరు. లయలో ఇంతటి అధికారం ఉన్నవారికి ఒక ప్రమాదం ఉన్నది: కథ ప్రక్కకు తొలగి, లెక్క ముందుకు వస్తుంది. దాసుగారి తొలినాటి సభలకు జనం విరుగబడి రావడానికి ఈ చమత్కారాలు కొంత కారణమని నేననుకుంటాను. అవధాన విద్య కూడా ఆయన చేపట్టినదే. యౌవనంలోని ఏ కళాకారునికైనా ఇట్టి దశ ఒకటి ఉంటుంది. తనకు వచ్చినదంతా చూపాలన్న తహతహ. ఆయన గొప్పతనం ఆ దశలో ఆగిపోకపోవడంలో ఉన్నది.

తొలినాటి హరికథలు ఎక్కువగా భాగవత సంబంధమైనవి. ధ్రువుడు, అంబరీషుడు, ప్రహ్లాదుడు, గజేంద్రుడు, రుక్మిణి. పోతన ఛాయలు వీటిలో సహజంగానే ఉన్నాయి. సంస్కృత సమాసాల మోత ఉన్నది. భక్తుని మొర, భగవంతుని రాక అన్న రెండు స్తంభాల మీద కథ నిలుస్తుంది. మార్కండేయ, హరిశ్చంద్ర, భీష్మ, సావిత్రి చరిత్రలకు వచ్చేసరికి స్తంభాలు పెరిగాయి. భీష్ముని కథలో భక్తి ఒక్కటే లేదు. ఒక మాట ఇచ్చి దాని క్రింద జీవితమంతా నలిగిన మనిషి ఉన్నాడు. సావిత్రి కథలో మృత్యువుతో వాదన ఉన్నది. వాదనను పాటలో పెట్టడం మొరను పాటలో పెట్టడం వంటిది కాదు. మొర ఒకే రాగంలో పొంగుతూ పోగలదు. వాదనకు ఇద్దరు మనుష్యులు కావాలి, రెండు గొంతులు కావాలి, ఒకరి తర్కం ముగిసి మరొకరి తర్కం మొదలయ్యే చోట రాగం మారాలి, నడక మారాలి. ఒక్క మనిషే ఇద్దరై నిలువవలసి వచ్చిన చోట దాసుగారి సంగీతం నాటకమైనది.

రామాయణాన్ని ఆయన యథార్థ రామాయణం అన్న పేరుతో హరికథల వరుసగా వ్రాశారు. జానకీ శపథం కూడా ఆయన హరికథే. సీత తుది నిర్ణయాన్ని కథకు శిఖరంగా నిలపడం హరికథా వేదిక మీద సాహసమే. వినవచ్చినవారు పట్టాభిషేకంతో మంగళం పాడి ఇంటికి పోవాలని కోరుకునేవారు గదా. సంస్కృతంలో కూడా ఆయన ఒక హరికథ రచించారు. దాని పేరు శ్రీహరికథామృతం. ఇక సంగీత రచనగా ఆయన పాండిత్యానికి పరాకాష్ఠ దశవిధరాగ నవతి కుసుమమంజరి. పేరులోనే విషయమున్నది: పది విధాల రాగాలు, తొంభై పూవులు, ఒకటే మాల. ఒక రాగం నుండి మరొక రాగానికి పోయే సందులో తడబాటు లేకుండా తొంభై మార్లు దాటడమనేది మామూలు గాయకునికి ఊహలో కూడా భయం పుట్టిస్తుంది.

ఈ నడుమ ఆయన తిరగని చోటు లేదు. గంజాం జిల్లా నుండి గోదావరీ కృష్ణా మండలాల వరకు, చెన్నపట్నం, బెంగుళూరు, మైసూరు వరకు హరికథను తీసుకొనిపోయారు. తెలుగు మాతృభాష కాని మైసూరు సంస్థానంలో కూడా ఆయనకు ఘనసత్కారం జరిగినది. తుదకు ఆనందగజపతి ఆయనను విజయనగర ఆస్థానంలో చేర్చుకొన్నారు. పల్లెటూరి పందిరిలో చెప్పిన కథే రాజసభలోను చెప్పారు. సంగీత విద్వాంసులు హరికథను తక్కువ చూపు చూచే రోజులవి. యాయవారానికి పై మెట్టు అని కొందరి లెక్క. ఆ లెక్కను దాసుగారు తన పాండిత్యంతోను, కొంతవరకు తన కోపంతోను మార్పించారు. ఆయన ముక్కోపి, అభిమానధనుడు. తన విద్యను గూర్చి వినయం నటించడం ఆయన స్వభావంలో లేదు. జీవితచరిత్రలు వ్రాసేవారు సాధారణంగా ఈ విషయాన్ని దాచుతారు. దాచవలసిన పని లేదు. చేతులు కట్టుకొని నిలిచే హరిదాసును సభల ముందు తల యెత్తి నిలిపినది ఆ అభిమానమే.

ఇప్పుడు భాష సంగతి. ఇందులోనే దాసుగారి జీవితంలోని పెద్ద చిక్కు ఉన్నది.

మూడు సంవత్సరాలు వరుసగా మన ప్రాంతానికి ముగ్గురు మహనీయులను ఇచ్చాయి. 1862లో గురజాడ అప్పారావు, 1863లో గిడుగు రామమూర్తి, 1864లో నారాయణదాసు. గురజాడవారి బాల్యంలో కొంత భాగం తండ్రిగారి ఉద్యోగరీత్యా చీపురుపల్లిలోనే గడిచినది. గరివిడికి అది పొరుగూరు. గిడుగువారు శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. ముగ్గురూ విజయనగరంలో చదువుకొన్నవారే. ముగ్గురికీ గ్రాంథిక భాష బిగువు ఊపిరాడనీయలేదు. మొదటి ఇద్దరూ జనం మాటలాడే భాష వైపు నడిచారు. 1892లో తొలిసారి ప్రదర్శితమైన కన్యాశుల్కం, ఆ తరువాత గిడుగువారి వ్యావహారిక భాషోద్యమం మనకు తెలిసినవే.

మూడవవారు మరొక వైపు నడిచారు. సంస్కృతం నుండి యథాతథంగా తెచ్చుకొన్న మాటలను అన్నింటినీ విడిచి, దేశ్యాలతోను తద్భవాలతోను మాత్రమే వ్రాసే అచ్చతెలుగును చేపట్టారు. అచ్చతెలుగు కొత్తది కాదు. పదునారవ శతాబ్దంలో పొన్నెగంటి తెలగనార్యుడు యయాతి చరిత్రను, పదునెనిమిదవ శతాబ్దంలో కూచిమంచి తిమ్మకవి అచ్చతెలుగు రామాయణాన్ని వ్రాశారు. కాని వారికది ఒక పందెం వంటిది. సంస్కృతం లేకుండా కూడా వ్రాయగలమని చూపడం. దాసుగారికి అది నానాటికి ఒక నమ్మకమైనది. గౌరప్ప పెండ్లి అన్న హరికథను ఆ భాషలో కూర్చారు. లలితా సహస్రనామాలను తల్లివిన్కి అన్న పేరుతో తెలుగు చేశారు. ఈసపు కథలను నూరుగంటిగా వ్రాశారు. వైద్యవిషయాన్ని కూడా మన్కిమిన్ను అన్న గ్రంథంలో ఆ భాషలోనే పలికించారు. కాళిదాసు నాటకాల నుండి, షేక్స్పియర్ నాటకాల నుండి నవరసాలకు తగిన ఘట్టాలను ఏరి, ఇద్దరినీ అచ్చతెలుగులో ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టిన గ్రంథం నవరస తరంగిణి. నాటక విద్యార్థులు నేటికీ ప్రయత్నించి చూడదగిన పుస్తకమది.

సంస్కృతంలో హరికథ వ్రాయగలిగిన పండితుడు, సంస్కృతపు పొడ తగలని తెలుగును ఎందుకు కోరుకొన్నాడు? అభిమానం ఒక కారణం కావచ్చును. నాకు తోచే కారణం మరొకటి. అది చెవికి సంబంధించినది. సంస్కృత సమాసం పొడుగైనది. పాటలో దానిని ఊపిరి బిగబట్టి మోయాలి, చివరి అక్షరం వచ్చేదాకా అర్థం తేలదు. దేశ్యపదం పొట్టిది, తాళపు దెబ్బకు తగినట్లు తెగుతుంది, తెగిన చోటనే అర్థం ఇస్తుంది. జీవితమంతా గజ్జె కట్టి, మాట మీద అడుగు వేసిన మనిషికి ఈ తేడా పండితులకంటె బాగుగా తెలుసును. ఆయన అచ్చతెలుగును నిఘంటువు కోసం గాక తాళం కోసం ఎన్నుకొన్నారని నాకు అనిపిస్తుంది.

అయినప్పటికీ ఫలితం చిత్రమైనది. గురజాడ, గిడుగుల తెలుగు బళ్లలోకి, పత్రికలలోకి వచ్చినది. దాసుగారి అచ్చతెలుగు, మాట్లాడే తెలుగుకు దగ్గర కావలసినది పోయి, దూరమైనది. వాడుకలో కలిసిపోయిన సంస్కృత పదాన్ని తీసివేసి, ఎవరూ వినని దేశ్యపదాన్ని దాని స్థానంలో ఉంచితే, పాఠకునికి రెండింటిలో ఏది కష్టం? దేవుడు అంటే పల్లెలోని ప్రతి మనిషికి తెలుస్తుంది. వేల్పు అంటే ఒక క్షణం ఆగుతాడు. ఒక ప్రక్క వేలాది పామరులను ఒక్క రాత్రి కూర్చుండబెట్టగల కథకుడు, మరొక ప్రక్క పండితుడు కూడా తడుముకొనే భాష. ఒకే మనిషిలో ఈ రెండూ ఎట్లు ఇమిడినవి? వేదిక మీద ఆయన చేయి, కన్ను, అడుగు మాటకు అర్థం చెప్పేవి గనుక అక్కడ చిక్కు లేదు. కాగితం మీద ఆ చేయి లేదు, ఆ కన్ను లేదు. దాసుగారి పుస్తకం తెరచి మౌనంగా చదివే ఉపాధ్యాయుడు నిరాశపడితే ఆ తప్పు ఆయనదీ కాదు, దాసుగారిదీ కాదు. పైకి చదవాలి, వీలైతే తాళం వేస్తూ చదవాలి. అప్పుడు సగమైనా తిరిగి వస్తుంది.

ఈ భాషాదీక్ష శిఖరానికి చేరినది ఉమర్ ఖయ్యాం విషయంలో. ఎడ్వర్డ్ ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషులోకి తెచ్చిన రుబాయీలు 1859లో వెలువడి, ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో లోకమంతా వ్యాపించాయి. మన కవులు కూడా వాటిని ఇంగ్లీషు ద్వారా చదివి ముగ్ధులయ్యారు. దాసుగారు ఆ దారిన పోలేదు. పారశీకం నేర్చి మూలాన్ని చదివారు. చదివిన తరువాత ఫిట్జెరాల్డ్ మూలానికి ఎంత దూరం పోయినదీ ఆయనకు స్పష్టమైనది. మరొకరైతే ఒక విమర్శ వ్యాసం వ్రాసి ఊరుకొనేవారు. ఈయన మూలాన్ని సంస్కృతంలోకి, అచ్చతెలుగులోకి తెచ్చారు. ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషును కూడా అదే విధంగా ఆ రెండు భాషలలోకి తెచ్చారు. రెండింటినీ ప్రక్కప్రక్కన ఉంచి తేడా పాఠకుడే చూచుకోవాలన్నారు. 1932లో ఆ గ్రంథం వెలువడినది. అప్పటికి ఆయనకు అరువదియెనిమిదేండ్లు. హరిభక్తి చెప్పి జీవించిన మనిషి ద్రాక్షారసం పాడిన కవికి అంతటి శ్రమను అర్పించడం కొందరికి వింతగా తోచినది. ఆయనకు తోచలేదు. మంచి పాట ఎక్కడిదైనా ఆయనకు వినవలసినదే.

వెనుకకు పోయి 1919ని తలచుకోవాలి. ఆ ఏడాది విజయనగరంలో విజయరామ గజపతి సంగీత కళాశాలను స్థాపించారు. సంస్థానోద్యోగి ఒకరి అంధుడైన కుమారునికి సంగీతం నేర్పించాలన్న ఆలోచన నుండి ఆ కళాశాల పుట్టినదని చెబుతారు. ప్రథమ అధ్యక్షులు నారాయణదాసుగారే. బడి నడపడం హరికథ చెప్పడం వంటిది కాదు, అందులోను ముక్కోపికి. కాని ఆయన చేసిన మొదటి పనులలో ఒకటి చాలును. చూపు మందగించి బడి చదువు మానవలసి వచ్చిన ఒక ఇరవై అయిదేండ్ల యువకుడు వయొలిన్ పట్టుకొని కళాశాలలో విద్యార్థిగా చేరవచ్చాడు. దాసుగారు ఆయన వాద్యం విన్నారు. విద్యార్థిగా చేర్చుకోలేదు, వయొలిన్ ఆచార్యునిగా నియమించారు. ఆ యువకుడే ద్వారం వేంకటస్వామి నాయుడు. తన విద్య మీద అంతటి అభిమానం గలవారు, తనకు సగం వయస్సైనా లేని మరొకరి విద్యను ఒక్క వినికిడితో గుర్తించి తన సరసన కూర్చుండబెట్టారు. ముక్కోపి అన్న మాటతో పాటు దీనిని కూడా చెప్పుకోవాలి.

1936 వరకు దాసుగారు ఆ పదవిలో ఉన్నారు. ఆ తరువాత ద్వారంవారు అధ్యక్షులయ్యారు. ఘంటసాల వేంకటేశ్వరరావు, పి. సుశీల వంటివారు ఆ కళాశాలలోనే చదివారు. ఘంటసాలకు గురువైన పట్రాయని సీతారామశాస్త్రి కూడా ఈ ప్రాంతపువారే. హరికథలో వాజపేయాజుల సుబ్బయ్య మొదలైన శిష్యులు దాసుగారి పద్ధతిని ఊరూరా కొనిపోయారు. నిజానికి ఆయన పద్ధతిని పూర్తిగా అందుకొన్నవారు లేరు. కథలు అందుకొన్నారు, వరుసలు అందుకొన్నారు, చిడతలు అందుకొన్నారు. అయిదు గతులను ఒక దేహంలో నిలిపే ఆ విద్యకు ఆ దేహమే కావలసి ఉన్నది. 1945 జనవరి 2వ తేదీన ఆ దేహం రాలిపోయినది. అప్పటికి ఆయనకు ఎనుబదియేండ్లు.

ఆయన స్వీయచరిత్ర ఒకటి వ్రాసుకొన్నారు. పేరు నా యెఱుక. మరణానంతరం గాని అది అచ్చుకు నోచుకోలేదు. యౌవనంలోని తన తప్పటడుగులను కూడా దాచకుండా చెప్పిన పుస్తకమది. ఆ కాలపు విజయనగరాన్ని, ఆ కాలపు సభలను, సాని మేళాలను, పండితుల కలహాలను కండ్లకు కట్టిస్తుంది. బాల్యంలో విన్న పద్యాలు, బొబ్బిలి, విజయనగరం, మొదటి గజ్జె, మొదటి సభలు అన్నీ వరుసగా వస్తాయి. ముప్పది ఏండ్ల వయస్సు దగ్గరకు వచ్చేసరికి పుస్తకం ఆగిపోతుంది. సంగీత కళాశాల, ఉమర్ ఖయ్యాం, తొంభై రాగాల మంజరి, అచ్చతెలుగు గ్రంథాలు, ఇవన్నీ జరిగిన తక్కిన యాబదేండ్లను గూర్చి ఆయన ఒక్క పుట కూడా వ్రాయలేదు.